చివరి మనిషి వెనకాల బండి

పరుగు ఉదయం అయిదింటికే మొదలవుతుందని అందరి ఫోన్లకూ మెసేజ్ వచ్చింది. ఆరున్నర దాటినా స్టేడియం గేటు దగ్గర కట్టిన రిబ్బను కట్టినట్టే ఉంది. జెండా ఊపాల్సిన ముఖ్య అతిథి దారిలో ఉన్నాడని మైకులో చెబుతూ, మధ్యమధ్య పాటలు పెట్టి వచ్చినవాళ్లందరి చేతా గంతులు వేయిస్తున్నారు. ఏప్రిల్ మూడో ఆదివారం. కరీంనగర్‌లో ఆ వారమంతా పొద్దున తొమ్మిదింటికే తలుపులు మూసుకుంటున్నారు.

స్పందన గంతులు వేయలేదు. ఇరవై ఒక్క కిలోమీటర్లు పరుగెత్తాల్సిన కాళ్లను ముందే అలసిపోనివ్వడం ఆమెకు ఇష్టం లేదు. మెట్‌పల్లిలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతుంది. భర్త రాజ్‌కుమార్‌కు ఎరువుల దుకాణం ఉంది. రెండేళ్ల కిందటి వరకూ ఆమె ఎన్నడూ పరుగెత్తింది లేదు. ఇంట్లో ఏ గదిలో కూర్చున్నా ఇంకో గదిలో పనేదో మిగిలిపోయినట్టు ఉండేది. అన్నం ముందు కూర్చుంటే బడి గుర్తొచ్చేది, బడిలో ఉంటే పొయ్యి మీద పెట్టిన పాలు గుర్తొచ్చేవి. కాలేజీ గ్రౌండులో పరుగెత్తేటప్పుడు మాత్రమే ఆ గడబిడ కాస్త తగ్గేది. పోటీకి రావడం ఇదే మొదటిసారి.

ఆమె పక్కన యాభై దాటిన మనిషి ఒకాయన అప్పటికి చాలాసార్లు బూట్ల లేసులు విప్పి కట్టుకున్నాడు. సన్నగా ఉన్నాడు, తెల్ల టోపీ పెట్టుకున్నాడు. నిలబడతాడు, నాలుగడుగులు వేస్తాడు, మళ్లీ వచ్చి అక్కడే నిలబడతాడు.

"ఏ ఊరు తాయి మీది?" అని అడిగాడు.

"మెట్‌పల్లి."

"నాది భైంసా. విద్యాధర్ అంటరు. పత్తి కొంట." గేటు వైపు చూశాడు. "గీ సూర్యుడు ఆయన కోసం ఆగుతడా చెప్పు తాయి. చల్లగున్నప్పుడు ఉర్కుదామని రాత్రే వచ్చి లాడ్జిల పడుకున్న."

ఆదిలాబాద్ వైపు మరాఠీ కలిసిన మాటల్లో తాయి అంటే అక్క. తనకంటే పదిహేనేళ్లు పెద్దవాడు తనను అక్కా అంటుంటే స్పందనకు నవ్వొచ్చింది. "మెల్లగ పోదాం అన్నా. ఎండ మస్తున్నది," అంది.

"మెల్లగ నాతోని కాదు," అన్నాడాయన.

నిజంగానే కాలేదు. అతిథి వచ్చి జెండా ఊపగానే గుంపులోంచి దూరి ముందుకు వెళ్లిపోయాడు. కాసేపట్లో ఆయన టోపీ కూడా కనిపించకుండా పోయింది.

పట్నం దాటి డ్యాం కట్ట ఎక్కేసరికి ఎండ మాడ్చడం మొదలుపెట్టింది. కట్ట మీద నీడ లేదు. ఒక వైపు నీళ్లు బాగా లోపలికి వెళ్లిపోయి పగుళ్లిచ్చిన మట్టి కనిపిస్తోంది, ఇంకో వైపు దిగువన పొలాలు కోసి ఉన్నాయి. గాలి వీచినప్పుడు మరింత వేడిగా ఉంది. స్పందన తన వేగం తాను పట్టుకుని పోయింది. ఆమెను చాలామంది దాటారు. ఆమె ఎవరినీ దాటలేదు. కట్ట చివర మలుపు దగ్గర ఇచ్చిన నీళ్లు వేడెక్కి ఉన్నాయి, అయినా సగం తాగి సగం నెత్తి మీద పోసుకుంది. తిరుగు దారిలో నీళ్లుండాల్సిన బల్ల మీద ఖాళీ గ్లాసులు మాత్రమే దొర్లుతున్నాయి. అక్కడ మనుషులు లేరు. అంబులెన్సు ఒకటి ఎవరినో ఎక్కించుకుని మోగుతూ పట్నం వైపు వెళ్లింది.

అప్పుడే విద్యాధర్ కనిపించాడు. కట్ట అంచున చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని వంగి ఉన్నాడు. కాళ్ల దగ్గర వాంతి చేసుకున్న తడి ఉంది.

"ఏమైందన్నా?" స్పందన ఆగకుండా, ఉన్నచోటే కాళ్లాడిస్తూ అడిగింది.

"ఏం కాలే తాయి. జర ఆగి వస్త. నువ్వు పో."

ఆమె వెళ్లింది. వెళుతుంటే లోపల చిన్న సంతోషం కూడా కలిగింది. పొద్దుటి నుంచీ ఆమె దాటిన మొదటి మనిషి ఆయన.

కాసేపటికి వెనక ఇంజను చప్పుడు వినిపించింది. తిరిగి చూస్తే బ్యానరు కట్టిన తూఫాన్ జీపు ఒకటి విద్యాధర్ దగ్గర ఆగింది. ఎవరో చెయ్యి అందిస్తే ఆయన ఎక్కాడు. దాని వెనకాల కట్ట అంతా ఖాళీ. ఇప్పుడు అందరికంటే చివర తనే.

బండి వచ్చి ఆమె పక్కన నడక వేగంతో సాగింది. డ్రైవరు నెత్తికి తువ్వాల చుట్టుకుని ఉన్నాడు. పెళ్లిళ్లకు కిరాయి తోలే అంజన్న ఆయన, ఆ రోజుకు పరుగు నిర్వాహకులు బండిని మాట్లాడుకున్నారు.

"ఎక్కురి మేడం. మీరే ఆఖరు."

"టైం అయిపోయిందా?"

"టైం సంగతి నాకు ఎర్క లేదు. ఆఖరు మనిషి ఎనక పొమ్మన్నరు, పోతున్న."

"అయితే ఎనకనే రారి."

బండి కొద్దిగా వెనక్కి తగ్గింది. కానీ ఆ చప్పుడు తగ్గలేదు. గుర్రుమంటూ, ఆగుతూ, మళ్లీ కదులుతూ మడమల వెంటే వస్తోంది. పరుగు అనుకుని వేసిన అడుగులు ఎప్పుడో నడకలోకి దిగాయి. ఆమె మళ్లీ పరుగులోకి ఎక్కించేది, అవి మళ్లీ దిగేవి. మనసు మాత్రం ముందుకు పీకుతోంది. ఇక్కడ ఎక్కితే రాత్రి ఇంట్లో ఏం చెప్పాలి? పిల్లలకు ఏం చెప్పాలి? బడిలో రేపు అందరూ అడుగుతారు.

బండిలో విద్యాధర్ కాక ఇద్దరున్నారు. కాలి పిక్క పట్టేసిన ఒక పెద్దమనిషి, సుల్తానాబాద్ నుంచి వచ్చిన డిగ్రీ అమ్మాయి భూమిక. ఆమె మడమలు బొబ్బలెక్కి బూట్లు విప్పేసి కూర్చుంది.

విద్యాధర్ కిటికీలోంచి తల బయటపెట్టాడు. ముఖం ఎర్రగా కందిపోయి ఉంది. "ఎక్కు తాయి. బండి ఆగుతలేదు, పోతలేదు. లోపల ఉడికిపోతున్నం."

"మిమ్ముల నేను ఆపిన్నా అన్నా? పోరి."

"నేనెట్ల పోత మేడం?" అన్నాడు అంజన్న. "నిన్నొక్కదాన్ని ఇడిసిపెట్టి పోతె, ఏమన్న అయితె రేపు నా మీదికి వస్తది."

స్పందన అడుగు ఆపలేదు. వాళ్లకు తొందరగా ఇంటికి పోవాలని ఉంది, అంతే అనుకుంది. రేకు బండి ఆ వేగంతో నడుస్తుంటే లోపలికి గాలే రాదన్న సంగతి ఆమెకు తట్టలేదు.

కట్ట దిగి పట్నం రోడ్డు ఎక్కారు. రోడ్డుకు అడ్డంగా పెట్టిన ప్లాస్టిక్ దిమ్మెలను పోలీసులు అప్పటికే ఎత్తేసి వ్యానులో వేసుకుంటున్నారు. మోటారు సైకిళ్లు, ఆటోలు ఆమె పక్కనుంచే పోతున్నాయి. దుకాణం ముందు నీళ్లు చల్లుతున్న ఒకామె ఈమెను, వెనకాల మెల్లగా పాకుతున్న బండినీ చూసి ఆశ్చర్యంగా నిలబడిపోయింది.

వెనక బండిలో విద్యాధర్ గొంతు పెద్దగా వినిపించింది. మరాఠీ, తెలుగు కలిపి ఏదో అంటున్నాడు. వెంటనే మిగతా ఇద్దరూ నవ్వారు. ఆయన మళ్లీ ఏదో అన్నాడు, మళ్లీ నవ్వారు. తన నడకను చూసి వెక్కిరిస్తున్నారనుకుంది స్పందన. చెవులు వేడెక్కాయి. పళ్లు బిగించి పరుగు అందుకుంది. ఇంకా నాలుగు కిలోమీటర్లు. అంతే కదా.

హారన్ మోగింది. ఆమె తిరగలేదు. చెయ్యెత్తి, వస్తున్నా కదా అన్నట్టు ఊపింది. హారన్ మళ్లీ మోగింది, ఈసారి ఆపకుండా. ఆమె ఇంకా జోరు పెంచింది.

వెనక అడుగుల చప్పుడు. భూమిక వట్టి కాళ్లతో, కాలుతున్న తారు మీద ఎగిరెగిరి పడుతూ వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

"అక్కా, ఆగు. గా అంకుల్ మాట్లాడుతలేడు. ఇప్పటిదాక వానొస్తున్నది, పత్తి బండ్లు లోపల పెట్టురి అని ఏందేందో ఒర్రిండు. మేము మజాక్ చేస్తుండనుకున్నం. ఇప్పుడు పిలిస్తె పలుకుతలేడు."

స్పందనకు ముందు వచ్చింది కోపమే. "అయితే దవాఖానకు తీస్కపోరి. నేను వస్త," అంది.

"నిన్ను ఇడిసి డ్రైవర్ బండి పోనిస్తలేడక్కా."

అప్పుడు బండి దగ్గరికి వెళ్లింది. విద్యాధర్ సీటులో ఒక పక్కకు ఒరిగి ఉన్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. ఆమె ముఖంలో ముఖం పెట్టి పిలిచినా ఆ చూపు ఆమె మీద నిలవలేదు. మెడ మీద చెయ్యి వేస్తే కాలింది. అంత ఎండలో ఒక్క చెమట బొట్టు లేదు.

ఆమె ఎక్కి తలుపు లాగింది. "పోనియ్ అన్నా. నేను ఎక్కిన. రోడ్డు మీద ఇంకెవ్వరు లేరు."

అంజన్న బండిని ఉరికించాడు. కిటికీల్లోంచి గాలి ఒక్కసారిగా లోపలికి కొట్టింది. చౌరస్తా దగ్గర చెరకు రసం బండి కనిపిస్తే స్పందన ఆపమంది. దిగి పరుగెత్తింది. "అవ్వా, ఐసు కావాలె. మనిషికి ఎండ దెబ్బ తగిలింది." రసం ఆడుతున్న ముసలామె మారు మాట్లాడకుండా గోనె సంచిలో చుట్టిన ఐసుగడ్డను అలాగే ఎత్తి ఇచ్చింది. వెనకే బకెట్టు నీళ్లు తెచ్చి తనే విద్యాధర్ ఛాతీ మీద పోసింది. దారంతా స్పందన, భూమిక ఐసు ముక్కలను ఆయన చంకల్లో, మెడ చుట్టూ పెట్టి పట్టుకున్నారు. పిక్క పట్టేసిన పెద్దమనిషి బ్యానరు చింపి, ఆ గుడ్డతో విసురుతూనే ఉన్నాడు. చేతులు తిమ్మిరెక్కి స్పందనకు ఐసు ఉందో లేదో కూడా తెలియలేదు. ఫినిష్ గేటు పక్కనుంచే బండి పోయిందని తరవాత భూమిక చెబితే తెలిసింది.

దవాఖానలో ఆయనను లోపలికి తీసుకెళ్లారు. కాసేపటికి డాక్టరమ్మ బయటికి వచ్చింది.

"మాటలు తడబడుడు ఎప్పుడు మొదలైంది?"

స్పందన అంజన్న వైపు తిరిగింది. అంజన్న చెప్పాడు. "కట్ట దిగక ముందు సంది మేడం. మొదలు తిట్టిండు, తర్వాత మరాఠీల ఒర్రుడు షురూ చేసిండు."

కట్ట దిగిన దగ్గరి నుంచి తను ఆగిన చోటి దాకా రెండు కిలోమీటర్లు. లెక్కల టీచరుకు అది ఎంతసేపో వద్దనుకున్నా తెలిసిపోయింది. తన కాళ్లతో అది ఇరవై నిమిషాలకు తక్కువ కాదు.

డాక్టరమ్మ లోపలికి వెళ్లాక అంజన్న గోడ పక్కన గొంతుక్కూర్చున్నాడు. "తప్పు నాది గూడ ఉన్నది. నిన్ను దాటేసి పోవల్సింది. మాట పడుత అని భయపడ్డ," అన్నాడు.

విద్యాధర్ చొక్కాకు పిన్నులతో గుచ్చిన నంబరు కాగితం వెనక ఇంటి ఫోను నంబరు రాసి ఉంది. ఫోను ఎత్తింది ఆయన భార్య సీతాబాయి. స్పందన చెప్పిందంతా విని, "మాట్లాడుతుండా?" అని ఒక్కటే అడిగింది. "ఇంకా మాట్లాడుతలేడక్కా. డాక్టర్లు చూస్తున్నరు," అంది స్పందన. అవతల ఫోను పెట్టేసిన చప్పుడైంది.

పిక్క పట్టేసిన పెద్దమనిషి ఆటోలో, భూమిక తన వాళ్లతో వెళ్లిపోయారు. అంజన్న బండి కడగాలని వెళ్లాడు. స్పందన మాత్రం ఆ వరండాలోనే ఉండిపోయింది. కూర్చుంటే కాళ్లు ఊరుకోవడం లేదు. లేచి నడిస్తే పిక్కలు పట్టేస్తున్నాయి. రాజ్‌కుమార్ ఫోను చేసి, "అయిపోయిందా? మెడల్ ఇచ్చిండ్రా?" అన్నాడు. "ఇయ్యలే. మల్ల చెప్త," అని పెట్టేసింది.

సీతాబాయి మధ్యాహ్నం దాటాక తన తమ్ముడితో వచ్చింది. పొట్టిగా, బలంగా ఉన్న మనిషి. సరాసరి లోపలికి వెళ్లింది. అప్పటికి విద్యాధర్‌కు తెలివి వచ్చింది, నీళ్లు అడిగాడు, కిడ్నీలు రెండు రోజులు చూడాలన్నారు. ఆమె బయటికి వచ్చి స్పందన పక్కన కూర్చుంది.

"బండిల ఎక్కించి తెచ్చింది నువ్వేనా?"

"నేనే అక్కా. కానీ..." స్పందన ఆగింది. తరవాత మొత్తం చెప్పింది. కట్ట మీద వాంతి చేసుకోవడం చూసి కూడా దాటిపోయానని, ఎక్కమని ఆయనే బతిమాలితే ఎక్కలేదని, నవ్వులు విని తనను అనుకున్నానని.

సీతాబాయి ఆమె వైపు చూడలేదు. నేలకేసి చూస్తూనే అంది. "గప్పుడే ఎక్కి ఉంటె బాగుండు."

"అవునక్కా."

"మీరు ఎందుకు ఉర్కుతరమ్మా? ఎవడన్న తరుముతుండా మిమ్ముల?"

స్పందనకు గ్రౌండు, ఆరోగ్యం, పోటీ, అలా చెప్పే మాటలేవీ నోటికి రాలేదు. "ఇంట్ల ఒక్క జాగల కూసోబుద్ధి కాదక్కా," అంది.

సీతాబాయి కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఈయన గూడ గంతే. పెండ్లి అయిన సంది చూస్తున్న, కడుపు నిండ తిన్నంక గూడ లేచి తిరుగుతడు." లోపలి నుంచి నర్సు పిలిస్తే లేచింది. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి, "నువ్వు ఏమన్న తిన్నవా?" అని అడిగింది. స్పందన తల అడ్డంగా ఊపింది. సీతాబాయి తమ్ముడిని ఇడ్లీలు తెమ్మని పంపి లోపలికి వెళ్లింది.

ఆ సాయంత్రం బస్సులో సీటు దొరికినా మెట్‌పల్లి దాకా స్పందన నిలబడే వెళ్లింది. రాత్రి రాజ్‌కుమార్‌కు అంతా చెప్పింది. ఆయన, "నీకేం తెలుసు, తెలిస్తె ఆగకపోతువా?" అన్నాడు. ఆ మాట ఆమెకు చాలలేదు. పరుగు నిర్వాహకులకు ఫోను చేసి, ఆలస్యంగా ఎందుకు మొదలుపెట్టారని, నీళ్ల బల్ల దగ్గర మనుషులెందుకు లేరని అడిగింది. వచ్చే ఏడు డిసెంబరులో పెడతామన్నారు. ఆ మాటా చాలలేదు. పదిరోజులు గ్రౌండు వైపు వెళ్లలేదు. ఇంట్లో సర్దిన అల్మారానే మళ్లీ సర్దింది.

పదకొండో రోజు పొద్దున విద్యాధర్ ఫోను చేశాడు. గొంతు కాస్త నీరసంగా ఉంది.

"ఇంటికొచ్చిన తాయి. ఎండల అడుగు పెట్టద్దన్నరు. బండి ఎక్కిన సంది ఏమైందో నాకు యాదికి లేదు. సీతా చెప్పింది. నీ నోట విందామని చేసిన."

స్పందన చెప్పింది. ఏదీ తగ్గించలేదు.

"కోపం రాలేదంటె అబద్ధం అయితది," అన్నాడు విద్యాధర్. "వచ్చింది. రెండు దినాలు నీ మీదనే ఉండె. తర్వాత ఆలోచించిన. వాంతి అయినంక నేను గూడ బాగ లేదని చెప్పకపోతిని. ఏం కాలే, పో అని నేనే అంటిని."

"అయినా నేను ఆగాల్సి ఉండె అన్నా."

"ఆగాల్సి ఉండె," అన్నాడాయన. కాదనలేదు.

ఫోను పెట్టేస్తాడేమో అనుకుంది.

"మీ మెట్‌పల్లి మార్కెట్ల పసుపు ఎట్లుంది తాయి?" అని అడిగాడు. "ఇంట్ల పడి ఉంటె పిచ్చి లేస్తున్నది. పత్తి సీజన్ లేదు. పసుపు జర కొని చూద్దామా అనిపిస్తున్నది."

"మా ఆయనకు తెలుస్తది. దుకాణానికి వచ్చే రైతులు చెప్తుంటరు. అడిగి సాయంత్రం ఫోన్ చేస్త," అంది స్పందన.

"చెయ్యి. మర్చిపోకు."

ఫోను పెట్టి ఆమె వాకిట్లోకి వచ్చింది. ఎండ ఇంకా ముదరలేదు. చెప్పులు వేసుకుని, పరుగెత్తకుండా, దుకాణం తెరవడానికి అప్పుడే బయలుదేరిన రాజ్‌కుమార్‌ను అందుకోవడానికి పెద్ద పెద్ద అంగలు వేసింది.