పీపాలో వయసు

ఆదిశేషు వెనక వరసలోని సీసాను మెడ పట్టి పైకెత్తి, పొడిగుడ్డతో అడుగు తుడిచి, లేబుల్ ముందుకు కనిపించేలా మళ్ళీ నిలబెట్టాడు. పడుకోబెడితే బిరడా పాడవుతుంది. జెర్సీ సిటీలోని ఆ లిక్కర్ స్టోర్‌లో తొమ్మిదేళ్ళుగా ఆయన రోజు ఇలాగే మొదలవుతోంది.

అది 1985 అక్టోబరు. ఆయనకు యాభై ఎనిమిది. బక్కపలచని మనిషి, యాసిడ్ మచ్చలు పడిన వేళ్ళు. కాకినాడ కాలేజీలో కెమిస్ట్రీ డిమాన్‌స్ట్రేటర్‌గా చేసి, అమెరికా వచ్చి ఒక రంగుల ఫ్యాక్టరీ ల్యాబ్‌లో కుదిరాడు. ఆ ల్యాబ్ మూతపడ్డాక ఈ పని దొరికింది. భార్య పోయింది. పిల్లలు లేరు. తాగడు. ఎప్పుడైనా సీసా పగిలితే ఒక చుక్క అరచేతుల్లో రుద్దుకుని వాసన చూస్తాడు, అంతే.

మొదటిసారి అలా చూసినప్పుడు పిడకల దాలిలో పొగవాసనతో కాగిన పాలు గుర్తొచ్చాయి. ఎందుకో తెలుసుకోవాలని లైబ్రరీ నుంచి పుస్తకాలు తెచ్చుకున్నాడు. స్కాట్లండ్ దీవుల్లో చిత్తడినేలను గడ్డలుగా కోసి, ఎండబెట్టి, కాల్చి, ఆ పొగ మీద మొలకెత్తిన బార్లీని ఆరబెడతారు. ఒకే బట్టీలో కాచి, ఓక్ పీపాల్లో ఏళ్ళ తరబడి ఉంచుతారు. ఏటా కొంత ఆవిరైపోతుంది. అది దేవదూతల వాటా అంటారట. ఆ సింగిల్ మాల్ట్ విస్కీ సీసాల అర తప్ప, నాది అని ఆయన అనుకున్నది ఈ ఊళ్ళో ఏదీ లేదు.

“మాస్టారూ, మీ మ్యూజియంకి టికెట్ పెట్టాలి,” అన్నాడు ఓనర్ జగదీష్. “అందరూ చూసేవాళ్ళే. సాయంత్రంలోగా ఒక్కటైనా సేల్ కాకపోతే ఆ షెల్ఫ్‌లో పళ్ళరసం కలిపిన వైన్ కూలర్ సీసాలు పెట్టేస్తా. మూవ్ అయ్యేవి అవే.”

“సాయంత్రం దాకా టైముందిగా బాబూ.”

మూడింటికి డాక్టర్ గోపీనాథ్ వచ్చాడు. నెలనెలా పార్టీలకు మామూలు విస్కీ కొనుక్కెళ్ళే మనిషి.

“ఆదిశేషు గారూ, ఆ పన్నెండేళ్ళది మూడు బాటిల్స్ ఇవ్వండి. మా విద్యకి ఇప్పుడు ఎనిమిది. బేస్‌మెంట్‌లో దాచానంటే, దాని హైస్కూల్ గ్రాడ్యుయేషన్‌ నాటికి ఇరవై రెండేళ్ళది అయిపోతుంది. ఎలా ఉంది ఐడియా?”

జగదీష్ గోపీనాథ్ వెనక నిలబడి, మాట్లాడొద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ఆదిశేషు మూడు సీసాలూ తెచ్చి కౌంటర్ మీద పెట్టాడు. వాటి మీద నుంచి చేయి మాత్రం తీయలేదు.

“పీపాలో ఉన్నన్నాళ్ళే దీని వయసు పెరుగుతుంది డాక్టర్ గారూ. చెక్కలోంచి రంగూ రుచీ లాక్కుంటుంది. గాజులోంచి లాక్కోవడానికి ఏముంది? పదేళ్ళకి మీరు ముసలాడవుతారు గానీ, ఇది పన్నెండు దగ్గరే ఉంటుంది.”

“అదేంటండీ! మా నరసింహ సెవెంటీ ఎయిట్ నుంచి షోకేస్‌లో దాస్తున్నాడు!”

“ఆయనకి చెప్పకండి, బాధపడతారు.”

గోపీనాథ్ పడీపడీ నవ్వాడు. “అయితే ఇప్పుడెందుకు? మామూలుదే ఇవ్వండి, కోక్‌లోకి.”

ఆయన వెళ్ళాక జగదీష్ తల పట్టుకున్నాడు. “మూడు సీసాలు మాస్టారూ! అబద్ధం కూడా అక్కర్లేదు, ఊరుకుంటే సరిపోయేది.”

“తప్పు రీడింగ్ చూసి ఊరుకుంటే ల్యాబ్‌లో ఉంచుతారా బాబూ?”

సాయంత్రం దాకా ఇంకెవరూ ఆ అర వైపు రాలేదు. సీసాల మధ్య న్యూస్‌పేపర్ మడతలు పెట్టి, ఆదిశేషే వాటిని అట్టపెట్టెలో నిలువుగా సర్దాడు. ఖాళీ అరను తడిగుడ్డతో తుడిచాడు.

“రేపట్నుంచి రిజిస్టర్ దగ్గర కూర్చోండి. నిలబడే బాధ ఉండదు,” అన్నాడు జగదీష్, ఆయన మొహం చూడకుండా.

“అలాగే.”

మరుసటి శనివారం గోపీనాథ్ మళ్ళీ వచ్చాడు. అర నిండా ఎరుపు, పసుపు కూలర్లు.

“మాస్టారు లేరా? ఆయన చెప్పింది రెండ్రోజులు ఆలోచించానండీ. దాచినా పెరగనిదాన్ని దాచడం ఎందుకు? ఇవాళ మా యానివర్సరీ. మా ఆవిడ మీనా, నేనూ ఇవాళే ఓపెన్ చేస్తాం. కోక్ లేకుండా. ఆ మాట ఆయనకి చెప్పి ఒకటి తీసుకెళ్దామని.”

జగదీష్ రిజిస్టర్ సొరుగు మూశాడు.

“బుధవారం పనికి రాలేదండీ. అపార్ట్‌మెంట్‌కి వెళ్ళి చూశాం. నిద్రలోనే పోయారు.”

ఆ అట్టపెట్టెలోంచి సీసా తేవడానికి అతను స్టోర్ రూమ్‌లోకి వెళ్ళాడు. తలుపు వెనక కొక్కేనికి ఆదిశేషు బూడిదరంగు స్వెట్టర్ ఇంకా వేలాడుతోంది. వెనక వరసకు చేయి చాపిన ప్రతిసారీ అర అంచు రాసుకుని, కుడి మోచేతి దగ్గర ఊలు దారాలు దారాలుగా అరిగిపోయి ఉంది.