మొసలి బోర్డు పక్కన వరి

నా పొలంలో ఏపుగా వరి ఉందంట! ఆకాశంలో తిరిగే ఉపగ్రహం ఫోటో తీసి మరీ చెప్పిందంట. ఓలమ్మో, నాకే తెలీలేదు చూశారా!

సునామీ రోజు సముద్రం మా దీవి మీదకెక్కి నా రెండెకరాల్లోకి వచ్చింది. మిగతా చోట్ల వెనక్కి పోయింది గానీ, మా వైపు నేల కుంగిపోయి అక్కడే ఉండిపోయింది. గట్ల వెంబడి మొలిచిన మడచెట్లు ఇప్పుడు పొలమంతా కమ్మేశాయి. మొసళ్లు తిరుగుతున్నాయని అటవీ శాఖవాళ్లు బోర్డు కూడా పాతారు. నేను పట్నం వెళ్లి డిగ్నాబాద్‌లో గది తీసుకుని, ఇడ్లీలు అమ్ముకుంటూ, బదులు భూమి ఇవ్వండి బాబూ అని పదమూడేళ్లు తిరిగాను. తీరా జాబితా వేసేసరికి నా పేరు కొట్టేశారు. ఏ పొలంలో ఏ పంట ఉంది, అది ఎంత నీరు తాగుతోంది అని కొత్తగా మ్యాపు గీస్తున్నారంట. అందులో నా సర్వే నంబరు మీద రాసుంది: వరి, నీరు పుష్కలం. వరి పండించుకుంటున్నావు, ఇంక నీకు బదులు భూమి ఎందుకూ అన్నాడు గుమస్తా. ఒళ్లు మండిపోయింది నాకు.

పది రోజులు ఆ ఆఫీసు మెట్ల మీదే కూర్చున్నాను. చివరికి మ్యాపు సరిచూడ్డానికి లోహిత్ అనే కుర్రాణ్ణి పంపారు. మన తెలుగువాడే, షాదీపూర్‌లో ఉంటాడు. నా పొలం దగ్గర బైకు దిగి, రోడ్డు మీదే నిలబడి ఫోను నొక్కడం మొదలెట్టాడు.

"ఏటి చేస్తున్నావు బాబూ?"

"ఫీల్డ్ చెక్ ఆంటీ. పైన పచ్చగా ఉంది, కింద నీళ్లున్నాయి. వరే కదా?"

"మడచెట్లయ్యా అవి! నువ్వు ఈ దీవుల్లో పుట్టినోడివేనా?"

తల గోక్కున్నాడు. "మార్చాలంటే పొలం మధ్యలో నిలబడి ఫోటో తీయాలి. అప్పుడే సిస్టమ్ ఒప్పుకుంటుంది."

"మరి దిగు."

వాడు మొసలి బోర్డు కేసి చూశాడు. "ఛోడో ఆంటీ, వరే ఉంచేద్దాం. మీరు మళ్లీ అర్జీ పెట్టుకోండి."

మళ్లీ అర్జీ! వాడి చేతిలో ఫోను లాక్కుని, చీర ఎగ్గట్టి దిగిపోయాను. మోకాళ్ల దాకా బురద, నడుం దాకా ఉప్పునీళ్లు. భయం వేయలేదా అంటే వేసింది. కానీ పోయిన మా ఆయన అచ్చిబాబూ నేనూ వంగి నాట్లు వేసిన నేల అది. దాని మధ్య ఎక్కడో నాకు ఒకడు చెప్పక్కర్లేదు.

"ఫోటో తీశాను. ఇప్పుడేటి?" అని అరిచాను.

"పంట ఎంచుకోమంటుంది. వరి, కూరగాయలు, కొబ్బరి, బీడు. సముద్రం అని అందులో ఉండదు. బీడు నొక్కెయ్యండి!"

"బీడా? నేను ఒళ్లొంగక వదిలేశాననా? నీ దుంప తెగ!"

"ప్లీజ్ ఆంటీ, ఫోన్ ఇచ్చేయండి!"

"వచ్చి తీసుకో. వరి పొలమేగా! మీ మ్యాపులో మొసలి లేదుగా!"

వాడు గట్టు అంచు దాకా వచ్చాడు. ఒక కాలు నీళ్లలో పెట్టి, చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. ఏడుపు గొంతుతో అరిచాడు: "అరే, ఎలా దిగమంటారు? అది పొలం కాదు ఆంటీ, సముద్రం!"

"ఆ మాటే కాగితం మీద రాసి సంతకం పెట్టు. పెట్టేదాకా నేనూ నీ ఫోనూ ఇక్కడే."

బైకు సీటు మీద కాగితం పెట్టి రాసి, సంతకం చేశాడు.

"చదువు" అన్నాను.

చదివాడు.

"గట్టిగా!" అన్నాను.