ముసలమ్మ వంతెన దాటేదాకా

నాట్లు పూర్తయ్యాయంటే చాలు, జపానులోని సాదో దీవి రైతులకు నడుం నొప్పీ, కొయ్యముఖాలు కట్టుకుని ఆడే 'నో' నాటకాల పిచ్చీ ఒకేసారి పట్టుకుంటాయి. ఆ మధ్యాహ్నం గుడి ఆవరణలోని రెల్లుకప్పు వేదిక ముందు చాపలన్నీ నిండిపోయాయి. అన్నం ముద్దలు, ఊరగాయ ముల్లంగి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నవాళ్ళలో సగంమందికి నాటకం మొత్తం నోటికొచ్చు. ఎవరైనా తప్పు పాడితే చాప మీద నుంచే సరిదిద్దే రకం.

తెర వెనక అద్దం గదిలో మిసావో తన తండ్రి తలకి కొయ్యముఖం తాళ్ళు బిగించి కడుతోంది. కిసాబురోకి డెబ్భై ఆరేళ్ళు. రేవులో దీపం పట్టుకుని, రాని పడవ కోసం చచ్చేదాకా ఎదురుచూసిన ముసలమ్మ దయ్యం వేషం ఆయనది. పాతికేళ్ళుగా ఆ దీవిలో ఆ వేషం ఆయన తప్ప మరొకరు కట్టలేదు.

వంతపాట పెద్ద తొకుజి గుమ్మంలోంచి తల దూర్చాడు. పండించేది పండ్లతోట, పండేది మాత్రం నోరు.

"ఏవయ్యా కిసాబురో, ముసలమ్మ వేషానికి నీకు ఆ కొయ్యముఖం దండగ. ఉన్న ముఖంతో వచ్చేయి. ఎవడూ తేడా కనిపెట్టలేడు."

"నువ్వు నీ గొంతు సంగతి చూసుకో. పోయినేడు నువ్వు ఎత్తుకోగానే, ఆవు తాడు తెంపుకుందనుకుని జనం వెనక్కి తిరిగారు."

మిసావోకి నవ్వు రాలేదు. వసంతం నుంచి తండ్రి చేతిలోంచి అన్నం తినే పుల్లలు రెండుసార్లు జారి అన్నం గిన్నెలో పడ్డాయి. రెండుసార్లూ ఆయన ఆకలి లేదని లేచిపోయాడు.

"నాన్నా, కూర్చున్నాక కాళ్ళు మొద్దుబారితే కాస్త దగ్గు. నేనొచ్చి లేపుతాను."

"దయ్యం దగ్గుతుందటే?" అన్నాడు కొయ్యముఖం లోంచి.

మిసావోకి ముప్ఫై నాలుగేళ్ళు. తొమ్మిదో ఏట నుంచి తండ్రి వెనకాల నడిచి ఈ వేషం అడుగడుగూ నేర్చుకుంది. పోయినేడు ధైర్యం చేసి, ఈసారి నేను కట్టనా అని అడిగింది. "యాభై దాటాక రా, చూద్దాం. ముసలితనం అరువు తెచ్చుకుంటే రాదు" అన్నాడాయన. నెలరోజులపాటు ఆమె తండ్రితో అన్నానికి రమ్మని తప్ప ఇంకో మాట మాట్లాడలేదు. నేర్పడమెందుకు, కట్టనివ్వకపోవడమెందుకు అని లోపల కుతకుతలాడింది. ఆ కోపం ఇంకా పూర్తిగా చల్లారలేదు కూడా.

అందుకని ఆమె ఇవాళ వెన్నుకాపు. నల్లబట్టల్లో, వేదిక వెనక మూల, ఎవరికీ పట్టనట్టు కూర్చోవాలి. మడతపడ్డ అంచు సర్దాలి, మాట మరిచిపోతే అందించాలి. ఎవరూ పైకి అనని పని మరొకటుంది. వేషం కట్టినవాడు మధ్యలో కూలిపోతే వెన్నుకాపు లేవాలి. అవే నల్లబట్టలు, ఉత్త ముఖం. ఏ అడుగు దగ్గర ఆగిందో ఆ అడుగు నుంచే ఎత్తుకుని చివరిదాకా ఆడాలి. ఆ ఉత్త ముఖం కూడా కొయ్యముఖం కిందే లెక్క, అందులో ఏమీ కనిపించకూడదు. నాటకం మాత్రం ఆగకూడదు. ఒక ఏడు తుఫానుకి కప్పు సగం లేచిపోయినా ఆ వేదిక మీద నాటకం ఆగలేదు, వానలోనే ముగించారు.

తెర లేచింది. కిసాబురో అద్దం గది నుంచి వేదికదాకా వేసిన చెక్క వంతెన మీదుగా నడిచి వచ్చాడు. ఆ వంతెన పట్టుమని నాలుగు బారలు లేదు. కానీ ఆయన దాటుతుంటే, అటు చివర చచ్చినవాళ్ళ లోకం ఉందనీ, ఇటు చివర మనం కూర్చున్నామనీ నమ్మాల్సిందే. నడివేదిక మీదికి వచ్చి ఒక మోకాలు ఎత్తి, చేతిలో విసనకర్రతో కూర్చున్నాడు. వంతవాళ్ళు ఎనిమిదిమందీ ముసలమ్మ కథ ఎత్తుకున్నారు.

ఇక కదలడు. జనం వచ్చిందే దీనికోసం. చాలాసేపు పాట ఆయన చుట్టూ తిరుగుతుంది, ఆయన మాత్రం పెట్టినచోట పెట్టినట్టు ఉంటాడు. కదలకుండానే ఆ ముఖం ఒకసారి నవ్వినట్టుంటుంది, ఒకసారి ఏడ్చినట్టుంటుంది. ముందు వరసలో ఒక పెద్దావిడ అన్నం ముద్ద నోటిదాకా తీసుకెళ్ళి, తినడం మరిచిపోయి అలాగే పట్టుకుంది. వందసార్లు చూసినా మిసావోకి ఒళ్ళు జలదరించింది. ఈయన మా నాన్నేనా, పొద్దున పులుసులో ఉప్పు లేదని సణిగినవాడేనా అనిపించింది.

అప్పుడు గమనించింది. ఆయన ఊపిరి తీసినప్పుడల్లా నడికట్టు ముడి కాస్త పొంగి తగ్గుతుంది. అది కదలడం లేదు. కళ్ళు చికిలించి చూసింది. కదిలిందా? చేతిలో విసనకర్ర కొస వేలెడు కిందికి దిగి ఉంది. అదీ అభినయమేనా?

కదలకపోవడమే ఆయన విద్య. ఆ విద్యే ఇప్పుడు ఆమె కళ్ళకు అడ్డం పడింది.

ఆయన బాగానే ఉండగా లేచిందా, ఊరందరి ముందూ తండ్రి జీవితంలోని గొప్ప ఘడియని తన చేత్తో తుంచేసినట్టే. 'ఆగలేకపోయింది పాపం' అంటారు. అంటే తప్పా? తనకి ఆ ఆశ లేదా? మిసావోకి తన మీద తనకే అసహ్యం వేసింది. పోనీ లేవకుండా ఉందామా అంటే, కళ్ళెదుట తండ్రి ప్రాణం పోతుంటే, ఆహా ఎంత బాగా కూర్చున్నాడని మురిసిపోతున్నట్టవుతుంది.

పాట నడుమ ముసలమ్మ తానే పాడాల్సిన చరణం ఒకటుంది. అది వస్తే తేలిపోతుంది. ఇంకా మూడు చరణాలు. తొకుజి తల తిప్పలేదు, కానీ పాట నడక నెమ్మదించింది. ఆయనా చూశాడన్నమాట.

ఆ చోటు వచ్చింది. భుజం మీద పెట్టి వాయించే డోలు ఒక్క దెబ్బ పడింది. "యో..." అని డోలువాడు గొంతు సాగదీశాడు.

ముసలమ్మ పాడలేదు.

"ఆరలేదు దీపం..." మిసావో వెనక నుంచి సన్నగా మాట అందించింది. కొయ్యముఖం లోంచి ఏ చప్పుడూ లేదు. డోలువాడు ఊపిరి ఉన్నంతవరకూ ఆ ఒక్క కూతనే పట్టుకుని నిలబెట్టాడు. అది కూడా సన్నబడుతోంది.

మిసావో నిండు గొంతుతో ఎత్తుకుంది. "ఆరలేదు దీపం, చమురు నిండుకుంది."

ముందుకు జరిగి తండ్రి పక్కన మోకరించింది. విసనకర్ర మీద ఆయన వేళ్ళు బిగుసుకుని ఉన్నాయి. "నాన్నా, ఇలా ఇవ్వు" అంది, ఇంట్లో అడిగినట్టే. వేళ్ళు వదులయ్యాయి. బతికున్నాడు అనుకుంది. అంతకుమించి తెలుసుకునే వ్యవధి లేదు. రెండో వెన్నుకాపుగా కూర్చున్న పోస్టుమాస్టరు జిన్‌పెయీ, వంతవాళ్ళలో ఒకడూ చెరో రెక్కా పట్టుకుని ఆయన్ని పక్కనున్న చిన్న గుమ్మంలోంచి వంగి తీసుకుపోయారు.

జనంలో ఒక్కరు అయ్యో అనలేదు. ఒక్కరు లేవలేదు. చాపల మీద అందరూ నడుం నిటారు చేసి కూర్చున్నారు, అంతే. ఆ నిశ్శబ్దాన్ని చూసి మిసావోకి భయమూ భక్తీ ఒక్కసారే పుట్టాయి. ఊరు ఊరంతా నాటకాన్ని చేతుల్లో పట్టుకుని నిలబెట్టింది.

ఆమె లేచి ఆడింది. నేర్చుకున్న అడుగులే. కానీ రేవు వైపు చెయ్యెత్తి చూసే చోటికి వచ్చేసరికి, ఆమె చెవులు ఆ చిన్న గుమ్మం వైపే ఉన్నాయి. దగ్గు వినిపిస్తుందా? కేక వినిపిస్తుందా? ఎదురుచూడ్డమంటే ఏమిటో ఇరవై అయిదేళ్ళుగా తండ్రి నేర్పుతున్నాడు, ఆమెకు ఆ క్షణాన వచ్చింది. అది తన దుఃఖమో ముసలమ్మ దుఃఖమో తెలియలేదు. చెయ్యి తనది కానట్టు దానంతటదే లేచింది. ముందు వరసలోని పెద్దావిడ రెండు చేతులూ జోడించింది.

ముఖం మాత్రం కదలనివ్వలేదు.

ఆట ముగిసింది. ఇక వంతెన దాటాలి. పరిగెత్తితే నాలుగు అంగలు. దయ్యాలు పరిగెత్తవు. మడమ నేల విడవకుండా, ఒక్కో అడుగూ జార్చుకుంటూ నడిచింది. అవతల తండ్రి ఉన్నాడో పోయాడో తెలియదు. ఒక అడుగు. ఇంకో అడుగు. అంత పొడుగు వంతెన ఆమె జన్మలో నడవలేదు. తెర లేచింది, ఆమె లోపలికి వెళ్ళింది, తెర పడింది.

అద్దం గదిలో కిసాబురో చాప మీద గోడకి ఆనుకుని ఉన్నాడు. కొయ్యముఖం ఇంకా అలాగే ఉంది. పక్కన ఊరి డాక్టరు మండిపడుతున్నాడు.

"ఏం మనిషమ్మా ఈయన! అంబులెన్సు వచ్చి బయట నిలబడింది. కదలనంటాడు. ముఖం తీద్దామంటే నా చెయ్యి విదిలించేశాడు. ఆ ఒక్క చెయ్యే పనిచేస్తోంది, దాంతోనే కొట్టాడు నన్ను."

మిసావో ఆయన ముందు కూలబడి తాళ్ళు విప్పింది. ముఖం ఊడి వచ్చింది. లోపల తండ్రి ముఖం చెమటతో తడిసి ఉంది. నోరు ఒక పక్కకి జారిపోయింది. కళ్ళు మాత్రం ఆమెనే చూస్తున్నాయి.

మాట కూడదీసుకోవడానికి ఆయనకి చాలాసేపు పట్టింది.

"ముసలమ్మ... వెళ్ళిపోయిందా?"

"వెళ్ళిపోయింది నాన్నా. వంతెన దాటించి పంపేశాను."

తోటి వేషగాడికి నమస్కరించినట్టు ఆయన తల కాస్త ముందుకు వంచాడు. ఆ పరిస్థితిలో వంగగలిగినంత. మిసావో ముఖం అప్పుడు కదిలింది. తండ్రి ఒళ్ళో తల పెట్టి, బయటికి వినిపిస్తుందన్న భయం కూడా లేకుండా భోరుమని ఏడ్చింది.