పసుపు తగిలిన అచ్చు

మద్రాసు చూలైలో మా ట్రస్టు నడిపే ధర్మవైద్యశాలకు ప్రింటరు ఎంపిక చేయవలసివచ్చి నన్నూ పిలిచారు. అచ్చుకూటంలో ప్రూఫులు దిద్దుతూ తల నెరిసినదాన్ని.

బల్లమీద రెండు యంత్రాలు. పరీక్షకు, బయట బెంచీమీద కూర్చున్న వెంకటపతి మందుచీటీనే తీసుకున్నారు. గుండెకు కొత్త మాత్ర, రోజుకు 1/2. కొలత మించితే గుండె ఆగుతుందని, అంకె స్పష్టంగా ఉండాలని డాక్టరు మాకు చెప్పే వెళ్లాడు.

డాట్ మ్యాట్రిక్స్ అచ్చు వెలవెలబోతూ వచ్చింది. ఇంక్‌జెట్ అచ్చు నల్లగా నిగనిగలాడింది.

"చూడక్కా, అది చీమలు పాకినట్టుండాది. ఇది పెళ్లిపత్రిక మాదిరి లేదూ!" అన్నాడు ట్రస్టు పెద్ద కోటిలింగం.

తమ కొట్టులో ఏ కొత్త యంత్రం దింపినా చేసే ఆనవాయితీ ప్రకారం రెండు కాగితాలకూ అంచుల్లో తడిపసుపు అద్దాడు; తడి అంకెల దాకా పాకింది. డాట్ మ్యాట్రిక్స్ అంకె చెక్కుచెదరలేదు. ఇంక్‌జెట్ అంకె పసుపులో కరిగి మరకైంది. వేలు పెట్టి చూపించాను.

"చీటీకి పసుపు పూసుకుంటారా ఎవురన్నా? నీకా ప్రూఫుల జబ్బు ఇంకా పోలేదక్కా!"

"పూసుకోరు. ఈ వానలో చేత పట్టుకొని పోతారు."

"గొడుగు పట్టుకోమను."

అందరూ నవ్వారు. ఇంక్‌జెట్టే ఖాయమైంది. దానిమీదే మరో చీటీ తీసి, మందులిచ్చే నాగప్పన్ వెంకటపతి భార్య చెంగమ్మ చేతిలో పెట్టాడు.

"దీంట్లో ఉండేట్టు ఇయ్యిమా."

"అచ్చరాలు రావు సామీ, నంబర్లు తెలుసు" అంటూ ఆమె చీటీని కొంగులో ముడివేసుకొని, మొగుణ్ణి నడిపించుకుంటూ వానలోకి దిగింది.

వారం తిరగకుండానే వెంకటపతి పోయాడు. చెంగమ్మ తెచ్చిన చీటీలో ఒకటీ గీతా కలిసి మరకైపోయాయి. పక్కన 2 మాత్రం నిలిచింది.

"రెండు అని ఉండాదే, రెండే ఇస్తినమ్మా," అంది నాతో.

ట్రస్టు విచారణ జరిపింది. 'భార్య అజాగ్రత్త వల్ల మరణం' అని తీర్మానం. ఆ యంత్రం మీదే ముచ్చటగా అచ్చువేశారు. కోటిలింగం సంతకానికి కలం నా ముందుకు జరిపాడు.

నేను లోటాలోని నీళ్లలో వేలు ముంచి ఆ వాక్యం మీద నిదానంగా రుద్దాను. ముందు 'భార్య' కరిగింది. తరువాత 'అజాగ్రత్త'.

కోటిలింగం ఆ కాగితాన్ని ఉండచుట్టి పక్కన పడేశాడు.

"నాగప్పా, ఇంకోటి తియ్యి. ఈసారి అక్క దగ్గిర నీళ్లు పెట్టబాక."