రెండువేల మూడువందల పదహారు పెళ్లిళ్లు

ఈ ఉదయం నా ల్యాప్‌టాప్ తొంభై రెండు కిలోలు తూగుతోంది. నిన్న ఎనభై నాలుగు. టేబుల్ కాళ్లు నాలుగూ గచ్చులోకి జానెడు దిగాయి. అందుకని కుర్చీ పక్కన పెట్టి పీట మీద కూర్చుంటున్నాను.

సాలూరు మెయిన్ రోడ్డులో నాది చిన్న డీటీపీ షాపు. పదకొండేళ్లుగా పెళ్లి శుభలేఖలు కంపోజ్ చేస్తున్నాను. చుట్టుపక్కల ఊళ్లలో ఎవరి పెళ్లయినా ముందు ఈ తెర మీద జరుగుతుంది, తర్వాతే పందిట్లో. ఇంతవరకు ఒక్క ఫైలు కూడా తీసేయలేదు.

నా భార్య సింధుమతి టీ గ్లాసు పెట్టి వెళ్తూ, ఇవాళైనా ఏదో ఒకటి తేల్చమంటుంది. సింధూ అని పిలుస్తాను. వెనక్కి తిరగదు. ఆమెకు ఆ అలవాటు మొదటి నుంచీ ఉంది.

తొమ్మిదింటికి మెకానిక్ త్రినాథ్ వస్తాడు. గుబురు మీసాలు, జేబు నిండా స్క్రూడ్రైవర్లు. ల్యాప్‌టాప్‌ను బోర్లించడానికి పక్క షాపుల వాళ్లు ఇద్దరు సాయం పడతారు. అతను వెనక మూత విప్పి, ఫ్యాన్‌లోంచి పిడికెడు అక్షింతలు తీస్తాడు. తర్వాత ఇంకా వాడిపోని తమలపాకులు, ఒక చంటిపిల్ల కాలి పట్టీ. ఈ వయసు మెషీన్లలో ఇవి మామూలేనట.

లోపల ఏ భాగమూ పాడవలేదని, ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే కొన్న రోజు ఎలా ఉందో అలా అయిపోయి రెండు కిలోలకు దిగుతుందని చెబుతాడు. ముందు ఫైళ్లన్నీ వేరే చోటికి కాపీ చేయమంటాను. ఒకటి చేసి చూపిస్తాడు. నా పాత ఫాంటు కొత్త మెషీన్లకు తెలియదు. పెళ్లికొడుకు పేరు మూడు ఖాళీ గడులు, పెళ్లికూతురి పేరు నాలుగు.

"గడికీ గడికీ పెళ్లవదు గదండీ," అంటాడు త్రినాథ్.

రీసెట్ దగ్గరికి వెళ్లగానే తెర అడుగుతుంది: 'రెండువేల మూడువందల పదహారు పెళ్లిళ్లు తొలగిపోతాయి. కొనసాగించాలా?' త్రినాథ్ దాన్ని రెండుసార్లు చదువుతాడు. తన పెళ్లి కూడా అందులో ఉందని చెప్పి, స్క్రూలు బిగించి వెళ్లిపోతాడు.

పదిన్నరకు బరువు నూట పది. షాపు కింద పూడ్చని పాత బావి ఉంది. గచ్చు పగిలితే ల్యాప్‌టాప్ అందులో పడుతుంది, దానితోపాటు ఈ వరస షాపులన్నీ పడతాయి. అప్పుడూ పెళ్లిళ్లు ఎలాగూ ఉండవు. లెక్క ఎటు నుంచి చూసినా ఒకటే. అయినా నా వేలు కదలదు.

పదకొండింటికి, త్రినాథ్ నోట విని జనం వస్తారు. ఎవరూ చెప్పకుండానే రెండు వరసలు కడతారు. చెరపొద్దనే వాళ్లు ఎడమవైపు, చెరపమనే వాళ్లు కుడివైపు. కొన్ని జంటలు చెరో వరసలో నిలబడి, ఒకే సీసాలోని నీళ్లు అందించుకుంటూ తాగుతున్నాయి. లైన్‌మన్ భార్య కుడి వరసలోంచి నా దగ్గరికి వస్తుంది. మణికట్టు మీది మచ్చ చూపించి వెళ్లి మళ్లీ తన చోట నిలబడుతుంది.

ఎడమ వరసలో మొదటి మనిషి నీలవేణి, అంగన్‌వాడీ ఆయా. పెళ్లయిన రెండో ఏడు ఆమె భర్త లారీ కింద పడి పోయాడు. ఆయన పెళ్లి కార్డు, తర్వాత పెద్దకర్మ కార్డు, రెండూ కంపోజ్ చేసింది నేనే.

"ఆ కార్డులో మా ఆయన పేరు ముందర చిరంజీవి అని ఉన్నాది బాబూ," అంటుంది. "ఇంకెక్కడా లేదు. ఆయన అక్కడొక్క సోటే బతికున్నాడు."

ఫైలు తెరిచి చూస్తాను. నిజమే, ఉంది. చెరపనని ఆమెకు మాటిస్తాను.

మధ్యాహ్నం కుడి వరస కదిలి గుమ్మం దాకా వస్తుంది. అందులో తొమ్మిదో మనిషి నా భార్య. అందరిలాగే కొంగు నెత్తిన కప్పుకుని ఎండలో నిలబడి ఉంది. లోపలికి రమ్మంటాను. తన వంతు వచ్చేదాకా రాదు.

వంతు వచ్చాక పీట ఎదురుగా కూర్చుంటుంది.

"మన కార్డు కొట్టింది మీరే. నా పేరు ఇందుమతి. సింధుమతి అని పడిపోనాది."

అప్పుడే ఎందుకు చెప్పలేదని అడుగుతాను. చెప్పిందట. కార్డులు అచ్చయిపోయాయి, ఇంక ఇలాగే ఉండనీ అని నేనే అన్నానట. అన్నట్టు నాకు గుర్తు లేదు. అనలేదని కూడా గుర్తు లేదు.

"పదకొండేళ్లు ఆవిడ కాపురం నాను చేసినాను," అంటుంది. కోపంగా కాదు. "ఇంక నా వల్ల కాదండి."

మా కార్డు ఈ మెషీన్‌లో మొదటి ఫైలు. తెరిచి 'సిం' చెరిపి 'ఇం' కొడతాను, 'ధు'ని 'దు' చేస్తాను. చేయి తీసేలోగా పాత అక్షరాలు మళ్లీ మొలుస్తాయి. ఏడుసార్లు దిద్దుతాను. ఏడోసారికి అవి ఇంకాస్త పెద్దవిగా, ఎర్రసిరాతో వస్తాయి.

"ఒగ్గీండి," అంటూ నా చేతిని కీబోర్డు మీంచి తీసేస్తుంది.

లేచి గుమ్మం దాకా వెళ్తుంది. ఇందూ అని పిలుస్తాను. చప్పున తిరుగుతుంది. ఆ ముఖం నేను ఇంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

గచ్చు ఒక మూల నుంచి చిట్లుతోంది. అది కూలకూడదనే నొక్కుతున్నానని నీలవేణికి చెబుతాను. అబద్ధమని ఆమెకు తెలుసు. అయినా తల ఊపుతుంది. 'కొనసాగించు' నొక్కుతాను.

ఇరవై శాతానికి రెండు వరసల మధ్య నీళ్ల సీసాలు అందించుకోవడం ఆగిపోతుంది. యాభైకి మగవాళ్లు పక్కనున్న ఆడవాళ్లకు తగలకుండా మర్యాదగా జరిగి నిలబడతారు. లైన్‌మన్ భార్య తన మణికట్టు చూసుకుని, ఈ దెబ్బ ఎప్పుడు తగిలిందో అనుకుంటుంది. ఎనభై శాతానికి నీలవేణి కళ్లలో తడి ఆరిపోతుంది. తనిక్కడికి ఏ పనిమీద వచ్చిందని నన్ను అడుగుతుంది. ఆమె ముఖంలో దుఃఖం లేదు. దాని బదులు అక్కడ ఇంకేమీ లేదు.

వంద శాతం అవుతుంది. గుమ్మంలో నిలబడ్డ ఆవిడ బోర్డు చదువుతోంది.

"ఇక్కడ జెరాక్స్ తీస్తారాండి?"

ఇక్కడ తీయం అని చెబుతాను. సరేనని ఎండలోకి వెళ్లిపోతుంది. ఎవరో మంచి మనిషిలా ఉంది.

మూడింటికి ఊళ్లోని జంట మంచాలన్నీ నిలువునా రెండుగా విడిపోతాయి. ఒక్కొక్క సగం తన రెండు కాళ్ల మీద లేచి, దిండొకటి వీపున వేసుకుని, గుమ్మాలు దాటి రోడ్డెక్కుతుంది. బస్సులు ఆగి దారిస్తాయి. అవి తొందరపడకుండా వేగావతి నది వైపు నడుస్తాయి. ఒక సగం మంచం నా షాపు ముందు ఆగి, గేదెలా ముందుకాలు మడిచి కూర్చుంటుంది. దాని మీద పడుకుంటాను. లేచి మిగతా వాటితో కలుస్తుంది. నది అంతా మంచాలు. నీళ్లలో దిగాక అన్నీ మెడలు వంచి తాగుతాయి. నాది మాత్రం తాగదు. ఖాళీగా ఉన్న పక్కకు ఒరిగి ఒరిగి, లోతు ఎక్కడుందో తెలిసినట్టు అటే నడుస్తోంది.