ఇద్దరు కూర్చునే మగ్గం

రాజవ్వ ఎమ్మెల్యే రాంచందర్ ఇంటి ముందు చెప్పులు విప్పింది. ఆమె కొడుకు భరత్ యావజ్జీవ శిక్ష పడి చర్లపల్లి జైల్లో ఉన్నాడు. పంద్రాగస్టుకు నడవడిక బాగున్న ఖైదీలను వదులుతారని, నాయకుడి సిఫారసు ఉంటే పేరు ముందుకు జరుగుతుందని ఆమె ఉండే నేతకారుల వాడ, కొత్తవాడంతా చెప్పుకుంటోంది. కొత్తవాడకు తెలియని విషయం లేదు, చేతనయ్యే పని మాత్రం ఒక్కటీ లేదు.

నాయకుడు మర్యాదగానే కుర్చీ వేయించి చాయ్ ఇప్పించాడు. చచ్చిపోయింది ఎవరని అడిగాడు. రాజవ్వ తల వంచుకుని చెప్పింది. అనిల్ పరాయివాడు కాడు, ఆమె మరిది కొడుకు. అన్నదమ్ముల పిల్లలిద్దరూ బండి తాళం చెవి దగ్గర మాటా మాటా అనుకున్నారు. జంపఖానా నేసేటప్పుడు నూలు బిగగొట్టే ఇనుప పంజా అప్పుడు భరత్ చేతిలో ఉంది. అది లేకపోతే చెంపదెబ్బతో పోయేది.

"మరి ఆ పిల్లగాని తల్లి ఊకుంటదా అమ్మా? రేపు టీవీలల్ల ఏడిస్తే నా పేరు ఖరాబైతది."

అక్కడే రాజవ్వ తొందరపడింది.

"ఆమెకు మా మీద కోపం లేదు సారూ. ఇప్పటికీ ఇద్దరం ఒక్క మగ్గం మీదనే నేస్తానం."

"ఇంకేంది మరి. రేపు పొద్దున తోలుకరా. ఆ ఒక్క మాట నా ముందట చెప్పమను, సిఫారసు రాసిస్త."

పెద్ద జంపఖానా ఒక్క మనిషి చేతికి అందదు. ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. ఒకరు తన సగం నేసి నూలు ఉండను మధ్యకు తెచ్చి ఇస్తే, రెండోవారు అందుకుని మిగతా సగం నేయాలి. మనిషి మారితే బిగువు మారి అంచు వంకరపోతుంది. అందుకే అనిల్ దినాలు కాగానే అతని తల్లి, రాజవ్వ తోడికోడలు సావిత్రి, ఏమీ అనకుండా వచ్చి తన చోట కూర్చుంది. భర్తలు ముందే పోయిన ఆ ఇద్దరి మోచేతులు అప్పటి నుంచి రోజూ తగులుతూనే ఉన్నాయి. పిల్లల పేర్లు మాత్రం ఎవరూ ఎత్తలేదు. వాడకట్టు దాన్ని క్షమించడం అనుకుంది. పిచ్చిది, రాజవ్వ కూడా అలాగే అనుకుంది.

ఇంటికి వచ్చి మగ్గం గుంతలోకి దిగింది. అడగాల్సిన మాట గొంతు దాకా వస్తుంది, సావిత్రి ఎర్రనూలు అందిస్తుంది, మాట లోపలికి పోతుంది. అడగకపోతే కొడుకు జైల్లోనే ముసలివాడవుతాడు. అడిగితే ఈ మనిషి ముఖం ఇక చూడలేదు. మధ్యాహ్నం దాటాక తల ఎత్తకుండానే అంతా చెప్పేసింది, నాయకుడి దగ్గర తాను అన్న మాటతో సహా.

సావిత్రి చెయ్యి ఆగలేదు.

"కోపం లేదని నీకెవరు చెప్పిండ్రు అక్కా?"

రాజవ్వ అప్పుడు తల ఎత్తింది.

"నీ పక్కకు ఎట్ల కూసుంటాననుకున్నవ్? నీ ఇంట్ల గూడ కొడుకు లేడని. పొద్దుమూకినంక నా లెక్కనే నువ్వు గూడ ఒక్కదానివే తింటవని. గందుకే కూసుంటాన."

రాజవ్వకు ఏడుపు ఆగలేదు. తప్పయిందని, ఎక్కడికీ రావద్దని అంది. ఆ మాటలో సగమే నిజం. మిగతా సగం చర్లపల్లిలో ఉంది.

సావిత్రి పంజాతో నూలు బిగగొట్టింది.

"వస్త. కోపం లేదనే చెప్త. నా కొడుకు ఎట్లాగూ రాడు, నీ కొడుకన్న రానీ. గని వాడు వచ్చిన దినం నేను తొర్రూరుల మా తమ్ముని తానకు పోత. నా జాగల వాణ్నే కూసోబెట్టుకో."

కొడుకు వస్తాడు. పొద్దున ఎమ్మెల్యే గడప దగ్గర చేతులు జోడించి అడిగింది ఇదే. రాజవ్వకు సంతోషం రావాలి. కానీ ఆమెకు కనబడింది వేరు. సావిత్రి కూర్చున్న ఆ చోట, అలాంటి పంజానే చేతబట్టుకుని, తన మోచేతికి మోచెయ్యి తగిలేంత దగ్గరగా భరత్ కూర్చుని ఉన్నాడు. రోజూ, పొద్దున నుంచి సాయంత్రం దాకా.

సావిత్రి తన సగం పూర్తిచేసి, నూలు ఉండను మధ్యకు తెచ్చి పట్టుకుంది. రాజవ్వ చెయ్యి లేవలేదు.

"పట్టుకో అక్కా," అంది సావిత్రి. "రేపు పొద్దున పోవాలె గదా, నీ సగం నెయ్యి."