అవతలి దిమ్మ

ఆ ఇంట్లో అత్తగారికి కోడలి ట్యూషన్లంటే మహా వేళాకోళం. గోడకి నల్లబోర్డు ఆనించి కనిపించినప్పుడల్లా "మళ్లీ దిమ్మలూ తాళ్లూ మొదలెట్టావా?" అనేది. కోడలు పిల్లలకు భౌతికశాస్త్రం చెబుతుంది. కప్పీ మీదుగా ఒక తాడు, తాడుకి చెరో కొసన ఒక దిమ్మ, వాటిలో ఒకదాని కింద ఏటవాలు గరుకు బల్ల. ఏడాదిలో సగం రోజులు ఆ ఇంట్లో ఇదే భాగోతం.

ఆ ఉదయం కూడా ఒక శిష్యురాలికి చీవాట్లు పడ్డాయి. దిమ్మ కిందికి జారుతుందనుకుని లెక్క మొదలెట్టి, జవాబు మైనస్ రాగానే గుర్తు మార్చేసి, "అయితే పైకి జారుతుంది మేడమ్" అని చేతులు దులుపుకుంది ఆ పిల్ల.

"ఘర్షణ ఉన్నచోట అలా కుదరదమ్మా! దిమ్మ అటు తిరిగితే ఘర్షణ ఇటు తిరుగుతుంది. కొట్టేసి మొదట్నుంచీ చెయ్యి" అంది టీచరు. చెప్పడానికేం, ఎన్నైనా చెప్పొచ్చు.

సాయంత్రం అత్తనీ కూతుర్నీ వెంటబెట్టుకుని బజారు నుంచి వచ్చి లిఫ్టెక్కింది. కూతురు ఒక్కచోట కుదురుగా నిలబడే రకం కాదు. అందుకే ఇంటిల్లిపాదికీ అది ఉడుత. వాళ్ల వెనకే ఆరు నీళ్ల క్యాన్లతో ఒక భారీ మనిషి ఎక్కాడు. రెండో అంతస్తు దాటగానే లిఫ్టు ఒక్క కుదుపు కుదిపి ఆగింది. ఆగడంతో సరిపెట్టుకుంటే బాగుండేది. కీచుమంటూ జానెడు కిందికి జారి, మళ్లీ ఆగింది.

టీచరు కూతుర్ని దగ్గరికి లాక్కుంది.

నీళ్లతను జాలీ తలుపు లాగాడు. ఎదురుగా గోడ. గోడ కింద, రెండో అంతస్తు గుమ్మం పై అంచుకీ లిఫ్టు నేలకీ మధ్య, ఒక మనిషి పడుకుని దూరేంత సందు. అవతల వాచ్‌మన్ గుమ్మం తలుపు తెరిచి, మెకానిక్‌కి ఫోన్ చేశానని అరిచాడు.

"బ్రేకు జారుతోందమ్మా. బరువెక్కువైపోయింది. ముందు క్యాన్లు దించేస్తే తేలికవుతుంది" అన్నాడు నీళ్లతను.

అందరికీ సబబుగానే తోచింది, టీచరుకి కూడా. భయం పట్టుకున్న బుర్రకి కింద ఉన్న గొయ్యి తప్ప ఇంకేమీ కనిపించదు. తనూ వంగి క్యాన్లు తోసింది. ఒక్కొక్కటే దిగుతుంటే ప్రాణం కాస్త కుదుటపడింది కూడా. ఆఖరి క్యాను వెనకే నీళ్లతను ఆ సందులోంచి కిందికి జారి, చేతులు చాచాడు.

"పాపని ఇలా దించండి పెద్దమ్మగారూ, నేను పట్టుకుంటా."

అత్త మనవరాలిని బోర్లా పడుకోబెట్టి, కాళ్లు సందులోకి దించి, భుజాలు పట్టుకుని తోస్తోంది. "భయం లేదే ఉడుతా, దిగు. తొందరగా దిగు."

అప్పుడు టీచరు అరికాళ్లకి సన్నటి వణుకు తెలిసింది. లిఫ్టు జారడం లేదు. ఎవరో పైనుంచి మెల్లగా లాగి చూస్తున్నట్టుంది.

లిఫ్టు తాడుకి అవతలి కొసన ఏముంది?

ఇనుప దిమ్మలు. ఖాళీ లిఫ్టు కంటే బరువు, నిండు లిఫ్టు కంటే తేలిక. తనే ఎన్నోసార్లు బోర్డు మీద గీసింది. క్యాన్లూ ఆ మనిషీ ఉన్నప్పుడు ఇవతల బరువు, అందుకే కిందికి జారింది. ఇప్పుడు ఇవతల మిగిలింది ఇద్దరాడవాళ్లూ గుప్పెడంత పిల్లా. బరువు అవతలికి పోయింది. ఇక ఇది పడదు, లేస్తుంది. లేస్తే ఈ నేల ఆ గుమ్మం పై అంచుని ఒరుసుకుంటూ పోతుంది. ఆ రెంటి మధ్యా కూతురి నడుముంది.

"అత్తయ్యా, లాగండి! లోపలికి లాగండి!"

"మతిపోయిందా నీకు? ఇది పడిపోతే..."

"పడదు! లేస్తుంది!"

అత్త వినలేదు. వినే స్థితిలో లేదు. కింద నీళ్లతను పిల్ల పాదం పట్టుకున్నాడు, పైన అత్త తోస్తోంది. టీచరు కూతురి చంకల కింద చేతులు దూర్చి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి వెనక్కి పడింది. పిల్ల తల్లి మీద వచ్చి పడింది. ఆ వెంటనే బ్రేకు వదిలేసింది. లిఫ్టు కీచుమంటూ పైకి లేచింది. సందు మూసుకుపోయింది. గోడ గీరుకుంటూ పోయి పోయి, మూడో అంతస్తు గుమ్మం దగ్గర బ్రేకు మళ్లీ పట్టుకుని గక్కున ఆగింది.

"అమ్మా, నా చెప్పు!" అని ఏడుపు లంకించుకుంది ఉడుత.

మూడో అంతస్తు వాళ్లు తలుపు తెరిచి, రండి రండి అని చేతులందించారు. టీచరు కూతుర్ని ఒళ్లో అదిమిపెట్టుకుని, అత్త మణికట్టు పట్టుకుని నేల మీద కూలబడింది. "ఎవరూ దిగొద్దు. ఒక్కరు దిగినా ఇంకా తేలికైపోతుంది." మెకానిక్ వచ్చి పైన చక్రాన్ని బిగించేదాకా ఎవర్నీ కదలనివ్వలేదు.

ఇంటికి మెట్ల మీదే వెళ్లారు. మోకాళ్ల నొప్పులని రోజూ సాధించే అత్తే ముందు నడిచింది. కాసేపటికి నీళ్లతను వచ్చాడు, చేతిలో పట్టీ తెగిన చిన్న చెప్పు.

"గట్టిగానే పట్టుకున్నానమ్మా" అన్నాడు. "ఈ పట్టీ తెగకపోయి ఉంటే..." చెప్పు గడపలో పెట్టి వెళ్లిపోయాడు.

ఉడుత నిద్రపోయింది. అత్త తన అరచేతులు ఒళ్లో పెట్టుకుని, వాటినే చూస్తూ కూర్చుంది.

"అమ్మాయ్" అంది చివరికి. "ఆ బొమ్మ గియ్యి."

కోడలు బోర్డు మీద గీసింది. కప్పీ, తాడు, రెండు దిమ్మలు.

"ఇందులో మనం ఏ దిమ్మ?"

చూపించింది.

"పిల్ల ఎక్కడుంది?"

దిమ్మ కింది అంచున చిన్న చుక్క పెట్టింది.

"నేను తోసింది ఎటు?"

కోడలు సుద్దముక్క పట్టుకునే ఉంది గానీ, ఆ బాణం మాత్రం గీయలేదు.